తెల్లకంకుల్లో పసుపు రెక్కల పురుగు

రాజమండ్రిలో జువాలజీ పాఠాలు చెప్పే రోజుల్లో వరి కాండం తొలిచే పురుగంటే నాకు పిచ్చి. 2002 జనవరిలో, ఆత్రేయపురం దగ్గర తెలిసిన కౌలురైతు సత్తిబాబు ఫోన్ చేసి, నారు ఆకుల కొసల్లో పసుపు నూగుతో గుడ్లముద్దలున్నాయన్నాడు. అవి చిట్లి పిల్లపురుగులు వచ్చే తీరు చూడాలని “కొసలు తుంచకండి, ఆదివారం వస్తాను” అన్నాను. పరీక్ష పేపర్లు దిద్దుతూ వెళ్లలేదు. మార్చిలో మళ్లీ అతనే, “కంకులు తెల్లగా వచ్చేస్తున్నాయండి” అన్నాడు. ఈసారి మర్నాడే బయలుదేరాను.

ఉదయం ఆరున్నర బస్సు. ధవళేశ్వరం బ్యారేజీ దాటి, బొబ్బర్లంక మీదుగా ఎనిమిదికల్లా ఆత్రేయపురంలో దింపింది. టికెట్టు పది రూపాయల లోపే. అక్కడి నుంచి కాలవ గట్టు మీద అరగంట నడక. చుట్టూ దాళ్వా చేలు, అంటే రెండో పంట వరి, పచ్చగానే ఉన్నాయి. సత్తిబాబు చేను మాత్రం దూరానికే పాలిపోయి కనిపించింది.

అతను ఒక తెల్లకంకి పట్టుకుని లాగితే తేలిగ్గా ఊడి వచ్చింది. గింజలన్నీ తాలు. కాండం చీలిస్తే లోపల పాలరంగు పురుగు. రెక్కల పురుగు ఏమీ తినదు, నాలుగు రోజులు బతికి గుడ్లు పెట్టి పోతుంది. నష్టమంతా ఈ పిల్లదే.

“నాటేటప్పుడు కొసలు తుంచలేదా?” అన్నాను.

“ఏటా నారు కట్టలు కట్టగానే గుడ్లు పోవాలని తుంచేస్తామండి. ఈసారి మీరు వద్దన్నారు కదండీ. ఆదివారం దాకా చూశాం. కూలీలు ఆగరని సోమవారం అలాగే నాటించేశాం.”

“ఒకటి రెండు కట్టలు ఉంచమని కదా నా ఉద్దేశం!”

“ఆ మాట అన్లేదు కదండీ. చదువుకున్నోరు, ఏదో కారణం ఉంటుందనుకున్నాం.”

అతని భార్య మంగ గట్టు మీదికి మజ్జిగ తెచ్చింది. “ఈ చేను వచ్చే ఏడాది మాకు కౌలుకియ్యరేమోనండి,” అంది నెమ్మదిగా. నన్ను తిట్టినా బాగుండేది.

వచ్చేసేటప్పుడు సత్తిబాబు అగ్గిపెట్టె ఒకటి చేతిలో పెట్టాడు. లోపల ఆడపురుగు, పసుపు రెక్కల మీద చెరొక నల్లచుక్కతో. “పిల్లలకి చూపించండి, మాస్టారూ.”

తిరుగు బస్సులో సిగ్గుతో చచ్చిపోయాను. అంత అందమైన పురుగును మళ్లీ సంతోషంగా చూడలేకపోయాను. దాని జీవితం చూడాలనుకునేవారు దాళ్వా నారుమళ్ల రోజుల్లో వెళ్లండి, ఉదయం బస్సే మేలు. గుడ్లు కావాలంటే రైతు తుంచి పారేసిన కొసల్లో ఏరుకోండి. తుంచొద్దని మాత్రం అనకండి, మీ మాట వింటారు.