మణికట్టు చూసి చెప్పే మనిషి

గేటక్క పని మానేసి నెల దాటింది. ఎందుకు మానేసిందంటే మావాళ్ళు తలోరకంగా చెప్తున్నారు. తీసేశారని కొందరు, మోకాళ్ళ నొప్పులని కొందరు. నరంలేని నాలుక, ఏమైనా అంటుంది. ఆమె ఆఖరిసారి పనికొచ్చిన ఉదయం పక్కనే నిలబడి అడ్డుకర్ర ఎత్తుతున్నదాన్ని నేను. కాబట్టి నేను చెప్తాను.

మాది ఆటల పార్కు. జనానికి తొమ్మిదింటికి తలుపులు తీస్తాం. పార్కుకి సొంత హోటలుంది. అందులో దిగినవాళ్ళని మాత్రం ఎనిమిదింటికే పక్క గేటులోంచి పంపుతాం. ఆ గంటసేపు లోపల తోపులాట ఉండదు, పిల్లలు దేనికీ వరసలో నిలబడక్కర్లేదు. హోటల్లో దిగగానే ఒక్కొక్కరి చేతికి ఒక పట్టీ వేసి అంటిస్తారు. గేటు దగ్గర దాన్ని మిషన్‌కి చూపిస్తే పచ్చ దీపం వెలుగుతుంది. అంతవరకు ఎవరైనా చెయ్యగలరు.

కానీ మిషన్‌కి పట్టీ తెలుస్తుంది గానీ చెయ్యి తెలియదు. ముందురోజు సాయంత్రమే ఊరెళ్ళిపోయేవాళ్ళు సబ్బు రాసి పట్టీ జార్చేసి, బయట దొరికినవాళ్ళకి ఇచ్చిపోతారు. గది గడువు మర్నాడు పదకొండింటి దాకా ఉంటుంది కాబట్టి దీపం మామూలుగానే వెలుగుతుంది. అలాంటివాళ్ళని పట్టడానికే అక్క.

ఇక్కడికి రాకముందు అక్క పన్నెండేళ్ళు బట్టల దుకాణంలో చొక్కాల చేతులు కుట్టింది. మణికట్టు చూస్తే మనిషి కొలతంతా చెప్పేసేది. పట్టీ కిందికి వేలు దూర్చేది. ఒక వేలు పడితే నీది, రెండు పడితే ఎవరిదో. నడుముకి కట్టుకున్న కత్తెర తీసి టక్కున కోసేసేది. కోసిన పట్టీ ఇక చెల్లదు. ఎవరినీ ఏమీ అడిగేది కాదు. "అడిగితే అబద్ధం చెప్తారే. చెయ్యికి అబద్ధం రాదు" అనేది నాతో.

ఒకసారి ఆమె సొంత అన్నయ్యే పెళ్ళాం పిల్లలతో దిగాడు, ఎవరి దగ్గరో ఎరువు తెచ్చుకున్న పట్టీలతో. చెల్లెలు గేటులో ఉందిలే అని ధీమా. "అన్నయ్యా, చెయ్యి చాపు" అంది. నాలుగు పట్టీలూ కోసేసింది. ఆ తర్వాత ఆమె మొగుడు పోతే కూడా ఆ అన్నయ్య గడప తొక్కలేదు. పట్టీలు కోసిన రోజు అక్క బట్టలు మార్చుకునే గదిలో తలుపేసుకుని ఏడ్చి, మొహం కడుక్కుని వచ్చి మళ్ళీ గేటులో నిలబడింది. సొంత అన్ననే వదల్లేదు, నిన్ను వదులుతుందా అనడం మా దగ్గర సామెతైపోయింది. కంపెనీ వాళ్ళు ఏటా కాసిన్ని చప్పట్లు, ఒక మెచ్చుకోలు కాగితం ఇచ్చేవాళ్ళు. నాకు ఆమె అంటే భయం, ఇష్టం రెండూను. ఆకలితో వచ్చానని మొహం చూసి కనిపెట్టి తన డబ్బాలో సగం నాకు పెట్టేది.

ఆ రోజు ఎనిమిదిన్నర కాలేదింకా. ఒక తల్లి, తొమ్మిదేళ్ళ కూతురు వచ్చారు. పిల్ల మూతికి గుడ్డ కట్టి ఉంది. తల్లి చేతికి పట్టీ సరిగ్గానే ఉంది. పిల్ల పట్టీకి పచ్చ దీపం వెలిగింది. అక్క వేలు పెట్టింది. రెండు పట్టాయి, మూడోదీ పట్టింది. కత్తెర తీసి కోసేసింది.

"అయ్యో! ఏంటండీ ఈ పని? అది దానిదే!" అంది తల్లి.

"అందరూ అదే అంటారమ్మా. పక్కకి జరగండి."

"నాలుగు రోజుల కిందట అది కట్టినప్పుడు దానికి ఒళ్ళంతా వాపండీ. కిడ్నీల జబ్బు. మాత్రలకి నీరు దిగింది, అందుకే వదులైంది."

"నాలుగు రోజుల్లో చెయ్యి సగమవుతుందా? నాకా చెప్తున్నారు?"

పిల్ల మణికట్టు మీద చర్మం వదులుగా, ముడతలు పడి ఉంది. పట్టీ ఒరుసుకున్న పాత ఎర్ర గీత కూడా ఉంది. నేను చూశాను. చూసి ఊరుకున్నాను. అక్కకి తెలియంది నాకేం తెలుస్తుందిలే అనుకున్నాను. ఆ ఊరుకోవడం నాది, దాన్ని ఎవరి మీదికీ నెట్టను.

తల్లి హోటలుకి ఫోన్ చేస్తూ గోడ వారకి జరిగింది. ఎవరూ ఎత్తలేదు. మళ్ళీ మళ్ళీ చేస్తూ నాతోనే చెప్పుకుంది, ఎవరితోనైనా చెప్పుకోకపోతే ఆగలేని మనిషిలా. పిల్లకి జనం మధ్య తిరిగితే ఏ రోగమైనా అంటుకుంటుందట. జనం లేని ఆ ఒక్క గంటకే డాక్టరు ఒప్పుకున్నాడట. మూడు రోజులూ పాదాల వాపుకి బూట్లు పట్టలేదట. ఇవాళ పట్టాయి. పదకొండింటికి గది ఖాళీ చేసి నేరుగా ఆసుపత్రిలో చేర్చాలి, అక్కణ్ణుంచి ఎప్పుడు బయటికొస్తుందో ఎవరూ చెప్పడంలేదు. "రంగులరాట్నం ఒక్కటి ఎక్కుతుందటండీ. ఇంకేమీ అడగలేదు."

అక్క చెవిన పడింది. వచ్చి పిల్ల ముందు కూర్చుని మేజోడు కిందికి లాగింది. పిల్ల కాలి మీద బొటనవేలితో నొక్కింది. సొట్ట అలాగే ఉండిపోయింది. వాపు ఇంకా పూర్తిగా పోలేదన్నమాట, తల్లి చెప్పింది నిజమే. అక్క గబుక్కున లేచి నావైపు తిరిగింది.

"ఏమే, కర్రెత్తు. లోపలికి పంపించు" అంది.

"లోపల రాట్నం దగ్గర కూడా మిషనుంది కదక్కా. తొమ్మిదిలోపు పట్టీ లేకపోతే తిప్పరు."

అక్క హోటలుకేసి పరుగెత్తింది. యాభై ఏళ్ళ మనిషి, మెట్లు ఎక్కడానికే ఆగి ఆగి ఎక్కే మనిషి, వచ్చేవాళ్ళని తప్పించుకుంటూ పరుగెత్తింది. అక్కడ పట్టీలిచ్చే అతను పై అధికారి సంతకం కావాలన్నాడట. అధికారి ఏదో మీటింగులో ఉన్నాడట. చేతులు కాలాక ఆకులు పట్టుకోవడమంటే ఏమిటో ఆ రోజు చూశాను. ఆమె కొత్త పట్టీతో, వెనకాల అధికారితో తిరిగొచ్చేసరికి తొమ్మిదికి మూడు నిమిషాలుంది. పెద్ద గేటు దగ్గర జనం ఈగల్లా ముసిరారు. రాట్నం దాకా నడవడానికే ఐదు నిమిషాలు పడుతుంది.

తొమ్మిదయింది. తలుపులు తీశారు. జనం తగలకుండా తల్లి పిల్లని గోడకి ఆనించి తను అడ్డంగా నిలబడింది.

అధికారి చేతులు నలుపుకుంటూ, "పొరపాటు జరిగిందండీ. వచ్చే ఏడాది మీ కుటుంబమంతటికీ మేమే ఉచితంగా ఏర్పాటు చేస్తాం" అన్నాడు.

"వచ్చే ఏడాది మాట డాక్టరే అనడంలేదు. మీరెలా అంటున్నారండీ?" అంది తల్లి.

అక్క రెండు చేతులూ జోడించింది. "తప్పు నాదమ్మా. నన్ను తిట్టండి, కొట్టండి."

తల్లి తిట్టలేదు. తిట్టి ఉంటే బాగుండేది. "దాన్ని ఒక్క మాట అడిగుంటే చెప్పేదండీ. వాపు ఎప్పుడు దిగిందో దానికి బాగా తెలుసు" అని మాత్రం అంది. కూతురి చెయ్యి పట్టుకుని హోటలు బస్సు వైపు నడిచింది.

అక్క వాళ్ళ వెనకే వెళ్ళింది, నేను అక్క వెనక. ఏం చెప్పాలని వెళ్ళిందో ఆమెకే తెలియదు. బస్సు మెట్టు మీద పిల్ల ఆగింది. మూతి గుడ్డ కొంచెం కిందికి లాక్కుని తల్లిని అడిగింది.

"అమ్మా, నేను ఆ మాత్రలు వేసుకోకుండా ఉంటే లోపలికి రానిచ్చేవాళ్ళా?"

"లేదమ్మా. ఇవాళ రాట్నం తిప్పడంలేదట, అంతే" అంది తల్లి.

లోపల్నుంచి రాట్నం పాట మా అందరికీ వినబడుతూనే ఉంది. పిల్లకీ వినబడింది. సరేనని తలూపి బస్సెక్కింది.