చద్దరు తెరచాప

సముద్రంలో మునిగినవాళ్లు లోకంలో చాలామంది ఉంటారు. నన్ను వాళ్లలో కలపకండి. నడుము లోతు నీళ్లలో మునిగి, చచ్చి, చచ్చాక తన పెళ్లి తానే కుదుర్చుకుని లేచినవాణ్ణి మీరు ఇంతవరకు చూసి ఉండరు. ఇదిగో, చూడండి. ఎంతైనా నవ్వుకోండి, నాకేం అభ్యంతరం లేదు. కానీ చివర్లో ఎవరైనా "పాపం, తప్పు చేశాడు" అన్నారో, మీకూ నాకూ మాటల్లేవు.

ఎనభైల చివరి మాట. సోలాపూర్‌లో మా నర్సయ్య మామ ఒక నేత కార్ఖానాలో మేస్త్రీ. అక్కడే నేను చద్దర్లు నేసేవాణ్ణి. మామ అంటే మా అమ్మకు సొంత తమ్ముడు. ఆయన కూతురు పద్మ, బీడీ కార్మికుల కాలనీ విడీ ఘర్కుల్‌లో ఇంటి గడప మీద కూర్చుని వాళ్లమ్మతో కలిసి బీడీలు చుట్టేది. పద్మను నాకిస్తారని నేను పుట్టినప్పటి నుంచీ అనుకుంటున్నాను. మామ మాత్రం నేను నోరు తెరవడం మొదలుపెట్టినప్పటి నుంచీ వద్దనుకుంటున్నాడు.

అంతకు ముందు కొన్నాళ్లు ముంబయిలో ఉండి వచ్చాను. అక్కడ సముద్రం దగ్గర నేను చేసిన సాహసం, చెప్పులు తడవకుండా దూరంగా నిలబడి భేల్‌పూరి తినడం. కానీ సోలాపూర్ తిరిగొచ్చి కొంతం చౌక్‌లో చాయ్ కప్పు చేతికి రాగానే ఆ భేల్‌పూరి కాస్తా పడవైపోయింది.

"తుఫాన్ల తెరచాప పర్రున చినిగింది," అని చుట్టూ ఉన్నవాళ్లకు చెబుతున్నాను. "చేపలు పట్టేటోళ్లంత ఏడుస్తున్నరు. నేనేం చేసిన? భుజం మీదున్న మన సోలాపూర్ చద్దరు తీసిన, కట్టిన. పడవ బాణం తీరుగ పోయింది!"

"ఏ దిక్కు పోయిందిరా?" వెనక నుంచి వినిపించింది. తిరిగి చూస్తే మామ.

"ఖరం చెప్తున్న మామా!" అన్నాను. ఖరం అంటే మా సోలాపూర్‌లో నిజం.

"నీ నోట్లకెల్లి ఖరం ఒక్కటన్న ఎల్లంగ ఇంతవరకు నేను ఇనలే. పద్మకు భివండి సంబంధం వచ్చింది. పిల్లగాడు అస్సలు మాట్లాడడట. నాకు గసొంటోడే కావాలె."

"మాట్లాడనోడు అబద్ధాలోడు కాదని ఏం గ్యారంటీ?"

చాయ్ తాగేవాళ్లు పకపకా నవ్వారు. మామకు చిర్రెత్తుకొచ్చింది.

"గట్లనా? సెలవులల్ల గల్లీ అంత కొంకణ్ పోతున్నం గద. సముద్రం ఆడనే ఉంటది, యాడికి పోదు. చద్దరు కట్టి పడవ నడిపి చూపియ్యి. నడిస్తె పిల్ల నీది. నడ్వకపోతె భివండోనికి కబురు పెడత. కబూలా?"

"కబూల్!" అన్నాను. నిజానికి ఆ మాట అన్నది నేను కాదు, నా నోరు. నేను ఆపేలోపే అనేసింది.

ఆ కబురు నాకంటే ముందే విడీ ఘర్కుల్ చేరింది. నేను వెళ్లేసరికి పద్మ చాటలో తునికాకు పెట్టుకుని కత్తిరిస్తోంది.

"బావా, నీకు ఈతొస్తదా?"

"సోలాపూర్ల నల్లా కింద బకెట్ నిండుడే కష్టం. ఈత యాడ నేర్సుకోవాలె?"

"అయితె పొయ్యి మా నాయినతోని ఉత్తదే చెప్పిన అను. తిడితె తిడతడు. భివండి సంగతి నేను అమ్మతోని చెప్పి ఎట్లనో అట్ల ఆపుత."

"పానం పోయినా అన."

"నీ పానం పోతె నాకు భివండే గతి," అంటూ ఆకును కరకరా కోసింది. ఎందుకో నా చెవి ఒకసారి తడుముకున్నాను.

సరే, తెరచాప తయారీ. అదేమన్నా చిన్న పనా? మగ్గం మీద వారమంతా కూర్చున్నాను. మధ్యలో రెక్కలు విప్పిన నెమలి. నేలంతా ఎరుపు, అదీ మామూలు ఎరుపు కాదు, ఎదురుగా వచ్చే ఓడ బ్రేకు వేయాల్సినంత ఎరుపు. గాలి దూరకుండా గంజి ఎంత దట్టంగా పట్టించానంటే, గోడకు ఆనిస్తే చద్దరు తనంతట తాను నిలబడింది.

ఇక్కడే నా బుర్ర ఒక అద్భుతం చేసింది. నూలుకు రంగు వేసేటప్పుడు కాగే నీళ్లలో ఉప్పు కలుపుతారు. ఉప్పుంటేనే రంగు నూలును గట్టిగా పట్టుకుంటుంది. మా గల్లీలో పాకే పిల్లలకు కూడా తెలిసిన సంగతి ఇది. నేను ఒక మెట్టు పైకి ఆలోచించాను. ఈ చద్దరు పోయేది ఎక్కడికి? సముద్రానికి. సముద్రంలో ఉన్నదేమిటి? ఉప్పు. మరి దేవుడు అంత ఉప్పు కలిపి పెట్టి ఉంచాక నేను మళ్లీ కలపడమెందుకు? అందుకని ఉప్పు మానేసి, దాని బదులు రంగే రెట్టింపు పోశాను. నవ్వండి, నవ్వండి. మీకు తట్టిందా ఈ ఆలోచన? తట్టలేదు కదా!

కొంకణంలో బస్సు దిగి చూద్దుం కదా, సముద్రం ముంబయిలో చూసినదానికంటే పెద్దదైపోయింది. అల ఒకటి దూరం నుంచే నన్ను గుర్తుపట్టినట్టు పడగెత్తి వచ్చింది. నేను చద్దరును ముందు నిలబెట్టి దాని వెనక నిలబడ్డాను.

ఒడ్డున పాండు కాకా అని ముసలి జాలరి ఒకడు చిన్న పడవ పక్కన కూర్చుని తెరచాపకు కుట్లు వేసుకుంటున్నాడు. నా చద్దరు చూసి పగలబడి నవ్వాడు.

"అరే బాబా, చాదర్ పాంఘరాయలా అస్తే!" అన్నాడు. కప్పుకునేదాన్ని కడతావేమిటని.

"కాకా, యే సోలాపూర్ కీ హై!" అన్నాను రొమ్ము విరిచి.

ఆటయ్యాక చద్దరు తనకే ఇచ్చేయాలన్న షరతు మీద పడవ ఇవ్వడానికి, వెంట రావడానికి ఒప్పుకున్నాడు. వెదురుకు చద్దరు కట్టాం. గల్లీ అంతా ఒడ్డున వరుసగా నిలబడింది. మామ నీళ్లకు ఆమడ దూరంలో, ధోవతి ఎత్తి పట్టుకుని ఉన్నాడు.

"మామా, నువ్వు గూడ రారాదు!"

"నాకేం పుట్టిందిరా? నేనేమన్న అబద్ధం చెప్పిన్నా?"

పడవ నీళ్లలోకి జారింది. గాలి వచ్చింది. ఆహా! ఏం చెప్పమంటారు! నా నెమలి పొట్ట ఉబ్బించి రెక్కలు చాచింది. కింద పలకలు జువ్వుమన్నాయి, ఉప్పునీళ్ల తుంపర మొహాన కొట్టింది. ఇన్నాళ్లూ నోటితో నడిపిన పడవ నిజంగానే కాళ్ల కింద నడుస్తుంటే ఎలా ఉంటుందో మీకెవరికీ తెలియదు. లేచి నిలబడి అరిచాను.

"మామా! నడుస్తుందే! సూడు! భివండోనికి చెప్పు!"

ఇక్కడ ఒక్క నిమిషం ఆగండి. పడవ నడిచిందా, లేదా? నడిచింది. ఇది గుర్తుపెట్టుకుని ముందుకు రండి.

పడవలో నిలబడకూడదట. ఎవరు చెప్పారు? ఎవరూ చెప్పలేదు. పాండు కాకా "బస్, బస్!" అన్నాడు నిజమే, నేను శభాష్ అంటున్నాడనుకోలేదు, కూర్చోమంటున్నాడని తెలుసు. కానీ గెలుస్తున్నవాడు కూర్చుంటాడా? ఇంతలో ఒక అల లేచి నెమలి మొహాన కొట్టింది. చద్దరు నీళ్లు తాగింది. ఎండాకాలం గుక్కెడు నీళ్లు చూడని సోలాపూర్ చద్దరు, జన్మలో మొదటిసారి సముద్రం దొరికితే ఊరుకుంటుందా? గటగటా తాగి ఏనుగంత బరువెక్కింది. వెదురు వంగింది, పడవ ఒరిగింది, నేను నీళ్లలో పడ్డాను, నా మీద నెమలి పడింది.

"ఉభా రహా! ఉభా రహా!" పాండు కాకా అరుస్తున్నాడు. నిలబడు, నిలబడు అని. ఆయన నిలబడే ఉన్నాడు, నీళ్లు ఆయన నడుము దాకానే ఉన్నాయి. కానీ నిలబడాలంటే ముందు కింద ఏదో, పైన ఏదో తెలియాలి కదా! గంజి కరిగి జిగురైంది. చద్దరు నన్ను పసిపిల్లను చుట్టినట్టు చుట్టేసింది. నేను తన్నుకుంటున్నకొద్దీ రెట్టింపు పోసిన రంగంతా బయటికి ఉరికింది. నా చుట్టూ సముద్రం ఎర్రగా పొంగింది.

ఒడ్డున కేకలు. "నెత్తురు! నెత్తురు! పెద్ద శాప కొరికిందే పిల్లగాన్ని!"

నన్ను ఎలా ఇసుక మీదికి లాక్కొచ్చారో తెలియదు. మింగిన సముద్రాన్ని కక్కి, కళ్లు మూసుకుని పడి ఉన్నాను. నెత్తి నుంచి కాళ్ల దాకా ఎరుపే. ఎవరో నన్ను ఒళ్లో వేసుకుని గుండెలు బాదుకుంటున్నారు. గొంతు మామది. చెంబెడు నీళ్లు చూస్తే పక్కకు తప్పుకునే మామ, మెడ దాకా తడిసి ఉన్నాడు!

"లేవురా యాదిగా! మా అక్కకు ఏం మొకం చూపియ్యాలెరా! నీ అబద్ధాలు ఎన్నన్న చెప్పురా, నేను ఇంట! లేవురా, పిల్లనిస్తరా!"

లేద్దామనే అనుకున్నాను. ఒట్టు. కానీ మాట కాస్త స్పష్టంగా లేదనిపించింది. కళ్లు మూసుకునే నెమ్మదిగా అడిగాను.

"ఎవల పిల్లను మామా?"

"నా బిడ్డను పద్మనురా!"

"జర గట్టిగ... అందరికి ఇనవడాలె..."

మామ ఏడుపు ఆగింది. తన అరచేయి చూసుకున్నాడు. వేళ్ల మధ్య రుద్దాడు. ఎంతైనా మేస్త్రీ కదా, వాసన చూశాడు.

"గిది నెత్తురు కాదు, రంగు! ఏరా, ఉప్పు ఎయ్యలేదా?"

"సముద్రంల ఉన్నది గద మామా..."

నన్ను ఒళ్లోంచి ఇసుకలోకి దబ్బున పడేశాడు. "దొంగ! లఫంగ! నా మాట వాపస్! పిల్లను ఇయ్య!"

అప్పుడు ముందుకు వచ్చింది పద్మ. నన్ను చూడలేదు, తండ్రిని చూసింది.

"నాయినా, పడవ నడిచిందా, లేదా?"

"నడిచింది గని..."

"పిల్లనిస్త అని గల్లీ అందరి ముంగట అన్నవా, లేదా?"

"అన్న గని..."

"అయితె మాట తప్పకు. ఇంట్ల అబద్ధాలాడేటోడు ఒక్కడు సాలు."

గల్లీ అంతా ఘొల్లుమంది. చద్దరు వెలిసి తెల్లబోయింది, అయినా పాండు కాకా వదలకుండా దాన్ని పిండి భుజాన వేసుకుని పోయాడు. మామ గులాబీ రంగు ధోవతితో బస్సెక్కాడు. దాన్ని ఎన్ని ఉతుకులు ఉతికినా ఆ రంగు పోలేదు. నా ఒంటిదీ పోలేదు, పెళ్లి పీటల మీద నాకు పసుపు రాస్తే నారింజపండునయ్యాను. అంటే ఏమిటి? ఉప్పునీళ్లలో రంగు గట్టిగా పట్టుకుంటుందన్న నా సిద్ధాంతం నూటికి నూరుపాళ్లూ నిజం. పట్టుకోవాల్సినదాన్ని వదిలేసి పక్కవాళ్లను పట్టుకుంది, అంతే. ఇక కొంతం చౌక్‌లో నేను చెప్పింది అబద్ధమంటారా? కాదు. జరగబోయేదాన్ని కాస్త ముందుగా చెప్పాను.

అయినా మనిషన్నాక ఎక్కడో ఒకచోట బుద్ధి తెచ్చుకోవాలి. అందుకే మగ్గం మీద చేయి పెట్టి ప్రమాణం చేశాను. మళ్లీ పడవెక్కనని కాదు, రేపు గాలి బాగుంటే రేపే ఎక్కుతాను. కోతలు కోయననీ కాదు, అవి మానేస్తే నాకు అజీర్తి. నా ప్రమాణం ఒక్కటే: ఈ జన్మలో మా ఇంట్లో పప్పులో ఉప్పు తక్కువైందని అనను. పెళ్లైన కొత్తలో ఒక్కసారి అన్నాను. పద్మ కంచం తీసి నా చేతిలో పెట్టి, తలుపు చూపించింది.

"పో బావా. సముద్రంల ఉన్నది గద."