మిక్సింగ్ సెక్షన్లో ఆముదం

మా బావ నాతో మాట్లాడి చాలా కాలమైంది. నాకూ మాట్లాడాలని లేదు. ఇద్దరం ఒకే గేటులోంచి పనికి వెళ్తాం. గాజువాకలో మా ఇళ్ళు పక్కపక్క సందుల్లోనే ఉన్నాయి. ఎదురుపడితే ఆయన రోడ్డు అటుపక్కకి మారతాడు, లేకపోతే నేను మారతాను.

మాది భీమిలి దాటాక ఒక పల్లె, వ్యవసాయం చేసే ఇల్లు. అక్కని మా వైపు అప్ప అంటాం. అప్పని బావకిచ్చి చేసేనాటికి నేనింకా బడికి వెళ్తున్నాను. బావ అప్పటికే పరవాడ దారిలోని రెక్సిన్ ఫ్యాక్టరీలో మిక్సింగ్ సెక్షన్‌లో ఉన్నాడు. తర్వాత నేను కెమిస్ట్రీ చదివి అదే ఫ్యాక్టరీ ల్యాబ్‌లో చేరాను. నన్ను మేనేజరు దగ్గరకి వెంటబెట్టుకుని తీసుకెళ్ళింది బావే.

రెక్సిన్ తయారయ్యేది పీవీసీ అనే ప్లాస్టిక్ పొడితో. ఆ పొడిని ఉత్తగా కరిగిస్తే నీళ్ళ పైపులా బిరుసుగా వస్తుంది. సీటు కవరులా మడత పడాలంటే దానికి నూనె పట్టించాలి. మేం ఏళ్ళ తరబడి వాడింది పెట్రోలియం నుంచి తీసిన నూనె. పెద్ద మిక్సర్‌లో పొడి పోసి, వేడి చేస్తూ, ఆ నూనె పట్టించడమే బావ పని. సాయంత్రం ఇంటికొచ్చి ఎన్ని చెంబులు పోసుకున్నా ఆయన ఒంటి మీద ఆ వాసన పోదని అప్ప అనేది.

ఆసుపత్రి పరుపులకి కవర్లు కొనేవాళ్ళు ఈ పాత నూనె వద్దన్నారు. ఓనరు నన్ను పిలిచి వేరే దారి చూడమన్నాడు. ఆముదం నుంచి తయారుచేసిన నూనె ఒకటి తెప్పించి ల్యాబ్‌లో చేసి చూశాను. రెక్సిన్ ముక్క మెత్తగా, వాసన లేకుండా వచ్చింది. ఆ సంతోషంలో ముందు బావకే చూపించాను. ఆయన ముక్కని చేతిలోకి తీసుకోలేదు.

"మా అమ్మ తలకి రాసుకునీది ఆముదం. దాన్నట్టుకొచ్చి సైన్సంటన్నావా?"

"అది వేరు, ఇది వేరు బావా. పాతదానికంటే ఇది మంచిది."

"అయితే ఇన్నాళ్ళూ నాను కలిపిందేటి, ఇసమా?"

ఆ మాట అని ఆయన వెళ్ళిపోయాడు.

కొత్త నూనె అమ్మే కంపెనీ మనిషొకడు వచ్చి క్యాంటీన్‌లో అందర్నీ కూర్చోబెట్టి మాట్లాడాడు. పాత నూనెలు ఒంట్లోకి చేరితే మంచిది కాదన్నాడు. జంతువుల మీద చేసిన పరీక్షల్లో మగవాటికి సంతానశక్తి తగ్గినట్టు తేలిందన్నాడు. రోలింగ్ సెక్షన్ వాడొకడు వెనక నుంచి అరిచాడు:

"ఓర్నాయనో! మా మిక్సింగ్ గురువుకి పిల్లల్లేంది అందుకేనేటి?"

క్యాంటీనంతా గొల్లుమంది. నోర్ముయ్యమని నేను లేచి అరిచాను గానీ ఆ నవ్వుల్లో ఎవరూ వినిపించుకోలేదు. బావ టీ గ్లాసు బల్ల మీద పెట్టి బయటకి నడిచాడు.

ఆ సాయంత్రం గేటు దగ్గర నా బండి హ్యాండిల్ పట్టుకున్నాడు.

"నువ్వే సెప్పించినావు."

"అతనేం చెప్తాడో నాకేటి తెలుసు బావా?"

"నూనె సంగతి తెల్దా నీకు? సదువుకున్నోడివి కదా."

"తెలుసు."

"మరి నాకెందుకు సెప్పనేదు?"

"చెప్తే మానేస్తావేటి ఉద్యోగం?" అన్నాను, నాకూ ఒళ్ళు మండి. ఆయన హ్యాండిల్ వదిలేశాడు. మేమిద్దరం బావా బావమరుదుల్లా మాట్లాడుకున్నది అదే ఆఖరు.

కొత్త నూనెతో మొదటి పెద్ద లాటు నడిపిన రోజున రెక్సిన్ నిండా చేప కళ్ళలాంటి చుక్కలొచ్చాయి. నూనె పీల్చని పొడి రోలర్లలో నలగక అలా గట్టిగా మిగిలిపోతుంది. నేను మిక్సింగ్‌కి పరుగెత్తాను. పొడి తడి ఇసుకలా ముద్దకడుతోంది. బావ దాన్ని అలాగే కిందకి వదులుతున్నాడు.

"తడిగా ఉంది, కనబడలేదా?"

"నువ్వు కాయితంలో ఎంతసేపు రాసినావో అంతసేపే తిప్పినాను బాబూ. సదువులేనోణ్ణి, నాకేటి తెలుస్తాది?"

చుట్టూ ఉన్నవాళ్ళు ముసిముసిగా నవ్వారు. పొడి తడిగా ఉందో ఆరిందో గుప్పిట్లో నలిపి చెప్పగలిగిన మనిషి ఆయన. కావాలనే వదిలాడు.

"తప్పుకో," అన్నాను.

వేడి పెంచి, ఇంకాసేపు తిప్పి, మూత తీసి చూసి, మళ్ళీ తిప్పాను. ఆ నూనె పాతదానంత తొందరగా ఇంకదు. ల్యాబ్‌లోని చిన్న మిక్సర్‌లో అది తెలియలేదు. బావ గోడకి ఆనుకుని, చేతులు కట్టుకుని, ఆముదం తాగిన మొహంతో చూస్తూ నిలబడ్డాడు. మధ్యాహ్నానికి పొడి పొడిగా ఆరింది. రెక్సిన్ నున్నగా వచ్చింది. బాగుందని ఒక్కడూ అనలేదు.

మొదటి లాటు ఎందుకు పాడయిందని ఓనరు అడిగాడు. నేను రాసిన టైం చాలలేదని చెప్పాను. తడి పొడి కళ్ళెదుటే ఉన్నా మిక్సింగ్ వాళ్ళు ఆపలేదని కూడా చెప్పాను. బావని మిక్సింగ్ నుంచి తీసేసి, సరుకు లారీలకెక్కించే డిస్పాచ్‌కి మార్చారు. ఇవాళ అడిగినా నేను ఆ మాటే చెప్తాను.

ఆ గొడవల్లోనే నాకు కూతురు పుట్టింది. పాప బారసాలకి అప్ప ఒక్కతే వచ్చింది. మేనత్తగా చేయాల్సినవన్నీ చేసింది, పాప చెవిలో పేరు చెప్పింది. తర్వాత వంటింట్లోకి వచ్చి నా పక్కన నిలబడింది.

"ఒరే, ఆ నూనె వల్లేనేట్రా?"

"తెల్దప్పా. ఒక మనిషి సంగతి అలగ తేల్చి ఎవరూ చెప్పలేరు. ఇంకేదైనా అయ్యుండొచ్చు."

"డాక్టర్లందరూ నన్నే సూసినారు. మందులన్నీ నాకే ఇచ్చినారు. మగోడికి పరీచ్చలెందుకని మా అత్త మీ బావని ఒక్కసారీ రానివ్వనేదు. మగోళ్ళలో కూడా లోపం ఉంటాదని నాకిప్పుడే తెలిసింది."

ఆమె గొంతులో ఏడుపు లేదు. అప్పని అంత కోపంగా నేను అంతకుముందు చూడలేదు.

ఆ వారమే డాక్టరు దగ్గరకి రమ్మని బావని అడిగిందట. ఆయన కంచం విసిరేశాడట. నేనే ఎగదోశానని సందులో అందరికీ వినబడేలా అరిచాడట. ఇప్పటికీ వెళ్ళలేదు. అప్ప మళ్ళీ అడగలేదు గానీ, ఆయన అన్నం తినేటప్పుడు పక్కన కూర్చోవడం మానేసింది. ఆదివారం పొద్దున్న, దగ్గర్లోని చర్చిలో గంట కొట్టే వేళకి మా ఇంటికొచ్చి పొద్దుపోయేదాకా పాపతోనే ఉంటుంది.

మొన్న వానలో బస్టాపు దగ్గర బావ తడుస్తూ కనిపించాడు. బస్సు జాడ లేదు. అప్ప కోసమని బండి ఆపాను. ఆయన నన్ను చూశాడు, నా వెనకున్న ఖాళీ సీటునీ చూశాడు. కాండ్రించి ఉమ్మి అటు తిరిగిపోయాడు.

నేను బండి పోనిచ్చాను.