నా కొండనాలుక కోయించిన సంగతి

అప్పట్లో మధ్యాహ్నాలు ఇప్పటికన్నా పొడుగ్గా ఉండేవేమో అనిపిస్తుంది. అది నిజం కాదని తెలుసు. నాయన పోయిన ఈ ఏడాదిలో వెనక్కి చూడటం ఎక్కువైంది, అంతే. మార్కాపురం శివార్లలో మాకొక పలకల షెడ్డు ఉండేది (ఇప్పటికీ ఉంది, నేనే నడుపుతున్నాను). రాతి బిళ్ళలు అరగదీసి, చెక్క చట్రాలు బిగించి, బడిపిల్లల పలకలుగా పంపే పని. అన్నాలయ్యాక రంపం ఆపేవాళ్ళు. గాలిలో లేచిన రాతిపొడి మెల్లగా కిందికి దిగుతుండేది. నాయన, నేను ఒకే చాప మీద పక్కపక్కన పడుకునేవాళ్ళం. పనివాళ్ళు అవతల గోనెసంచుల మీద. ఆ గంటలో పైరేకులు అదిరేలా గురక లేచేదట. అది నాదని అందరూ అనేవాళ్ళు. తల వాల్చగానే నిద్రపోయి అందరికన్నా చివర లేచే వయసు నాది. తన గురక ఎవరికీ వినపడదు కదా అని నేనూ నమ్మాను.

నాకు ఇరవై ఆరేళ్ళప్పుడు గిద్దలూరులో ఒక సంబంధం చూశాం. ఆ అమ్మాయి బడిలో తెలుగు చెప్పేది. చూపుల్లో నన్ను అడిగింది ఒకే ప్రశ్న: "మీరేం చదువుతుంటారు?" పలకలు చేసేవాణ్ణి అలా అడిగినవాళ్ళు అంతకుముందు లేరు. చేసుకుంటే ఈమెనే అని తిరుగు బస్సులో నిశ్చయించుకున్నాను. మరుసటి వారం ఆమె మేనమామ చెప్పాపెట్టకుండా షెడ్డుకు వచ్చాడు (పిల్లవాణ్ణి పని చేసే చోట చూడాలని వాళ్ళ పట్టింపు). వచ్చింది సరిగ్గా రెండు గంటలకు. పలకల దొంతి మీద కూర్చుని కాసేపు విని, మెలకువగా ఉన్న ఒకే ఒక మనిషిని, చట్రాలు చేసే మా సాయిబు మామను, "ఎవరిదప్పా ఈ గురక?" అని అడిగాడట. "మా చిన్నోడిది" అన్నాడట సాయిబు మామ. నాలుగు రోజులకు కబురొచ్చింది: "పిల్లోడు మంచోడే. మా పిల్లకు నిద్ర పలచన. ఆ గురక మాన్పించుకుంటే మాట్లాడుకుందాం."

నాయన నన్ను ఒంగోలులో ఒక డాక్టరు దగ్గరికి తీసుకుపోయాడు. గురక పెట్టేటప్పుడు ఫోన్‌లో రికార్డు పట్టుకుని రమ్మన్నాడాయన. "సాయిబూ, వీడు మొదలు పెట్టినాక పట్టు" అని చెప్పి, నాయన ఎప్పటిలాగే నా పక్కన పడుకున్నాడు. సాయిబు మామ పట్టాడు. రెండోసారి పోయినప్పుడు డాక్టరు అది విని, నా ఛాతీ వైపు చూసి, "ఇంత సన్నగా ఉన్నావు, ఇదంతా ఎక్కడ దాచుకున్నావయ్యా?" అన్నాడు. నాయన బాధగా తల ఊపాడు. "దున్నపోతు మాదిరి పెడతాండాడు సార్. పక్కన పండుకునేవాళ్ళు ఎట్ల బతకాల?"

"మరి మీకు మెలకువ రాదా?"

"నాకా? నిద్ర పట్టిందంటే నాకేం వినపడదు సార్, దేవుడి దయ."

నా కొండనాలుక కాస్త పొడుగట. మత్తు సూది వేసి చివర కోస్తే చాలట. నోరు తెరిచి కూర్చున్నాను, అరగంటలో అయిపోయింది. కోసిన ముక్క చింతగింజంత కూడా లేదు. నాయన దాన్ని చూసి, "ఇంత చేసింది ఇదేనా!" అన్నాడు. పది రోజులు మాట్లాడొద్దన్నారు. షెడ్డులో పలకలకు కొదవా? నాయన ఒక కొత్త పలక, బలపం నా చేతికిచ్చాడు. జావ కావాలన్నా రాసి చూపించేవాణ్ణి.

ఎనిమిదో రోజు మధ్యాహ్నం మేనమామ మళ్ళీ వచ్చాడు. నిద్రపోయి చూపించమన్నాడు. నాయన ధైర్యం చెప్పడానికి నా పక్కనే పడుకున్నాడు. గొంతు మంటకు, భయానికి నాకు కన్ను మూతపడలేదు. కాసేపటికి గురక మొదలైంది. జీవితంలో మొదటిసారి విన్నాను. నా నోరు మూసే ఉందని ఒకసారి తడిమి చూసుకుని మరీ లేచి కూర్చున్నాను. మేనమామ నన్ను చూశాడు, పక్కన నాయనను చూశాడు. గురక ఆగలేదు. చట్రం గీస్తున్న సాయిబు మామ తల ఎత్తలేదు. నేను పలక అందుకుని "నాది కాదు" అని రాయబోయాను. గిద్దలూరు అమ్మాయి అడిగిన ప్రశ్న గుర్తొచ్చింది, బలపం వేగంగానే కదిలింది. రెండక్షరాలయ్యాక నాయన ముఖం చూశాను. నోరు కొద్దిగా తెరుచుకుని, కనుబొమల మీద రాతిపొడితో, కొడుకును బాగుచేయించానన్న తృప్తితో నిద్రపోతున్నాడు. చెరిపేసి "నాయనకు చెప్పొద్దు" అని రాశాను.

మేనమామ చదివాడు. భుజం మీది కండువాతో తానే పలక తుడిచేశాడు. నాయన లేచి ఆత్రంగా, "విన్నారా? ఒక్క చప్పుడన్నా ఉందా?" అన్నాడు.

"లేదన్నా" అన్నాడు మేనమామ. అంతవరకు ఆయన నాయనను "అన్నా" అని పిలవలేదు. "ఆపరేషను బాగా కుదిరింది. ముహూర్తం చూపిద్దాం."

తెలిసీ ఎందుకు చెప్పలేదని తర్వాత సాయిబు మామను నిలదీశాను. "పెద్దాయన మీద ఎట్ల చెప్పేది బేటా? నువ్వు చిన్నోడివి, మోస్తావు" అన్నాడు. ఇంటికొచ్చిన నా భార్యకు నాయన ఏళ్ళ తరబడి చెప్పాడు: "చూడమ్మా, నేను చేయించినాక వీడు ఎట్ల చప్పుడు లేకుండా పండుకుంటాండాడో." ఆమె "అవును మామయ్యా" అనేది, నా వైపు చూడకుండా.

సాయిబు మామ ఆ రికార్డును చెరపలేదు. నాయన దినం నాడు నా ఫోన్‌కు పంపాడు. ఫోటోలు చాలా ఉన్నాయి గానీ, నాయన గొంతు మా దగ్గర ఇదొక్కటే. రంపం ఆపాక చాప మీద పడుకుని అప్పుడప్పుడు పెట్టుకుంటాను. రాతిపొడి అలాగే దిగుతుంటుంది. చాపలో సగం నాయన వైపు వదిలేయడం ఇంకా మానలేదు.

మొన్న దర్శి నుంచి పలకల కోసం ఒక వ్యాపారి వచ్చాడు. వాకిట్లో నిలబడి, నేను ఫోన్ ఆపి గురక ఆగాక లోపలికొచ్చాడు. "ఏందన్నా, రోడ్డు మీదికి వినపడతాంది. నీదేనా ఆ గురక?"

"నాదే" అన్నాను.

"ఒంగోల్లో డాక్టరు ఉన్నాడన్నా. చిన్న ఆపరేషనే, అరగంట పని."

ఆలోచిస్తానని చెప్పాను.