లోపలి చక్రం కింద నిమ్మకాయ

బావ పోయాడన్న కబురు వచ్చినప్పుడు నేను ఒక లారీ కింద వెల్లకిలా పడుకుని ఉన్నాను. జేబులో ఫోను మోగింది. చేతులనిండా గ్రీజు. మోగి మోగి అదే ఊరుకుంటుందిలే అనుకున్నాను. ఆగి మళ్ళీ మోగింది. గుడ్డతో వేళ్ళు తుడుచుకుని తీస్తే అవతల బావ కూతురు.

"మావయ్యా, నాన్న ఎలిపోనాడు. పొద్దున్న టీ పట్టుకెల్తే లెగనేదు" అంది.

"వస్తన్నానమ్మా" అన్నాను. ఆ తర్వాత నేను చేసిన పని వింటే మీరు నవ్వుతారు. సగంలో ఉన్న నట్టుని స్పానరుతో పూర్తిగా బిగించాను. ఇంకోసారి లాగి చూశాను. అప్పుడు లారీ కింద నుంచి బయటికి వచ్చి, నేల మీద కూర్చుని ఏడ్చాను. ముందు నట్టు, ఏడుపైనా సరే ఆ తర్వాతే. ఆ వరస నాకు నేర్పింది బావే, ఎలా నేర్పాడో చెప్పడానికే ఇది రాస్తున్నాను.

మాకు చుట్టరికం ఏమీ లేదు. మా వైపు మగాళ్ళు పరిచయమైన రెండో రోజుకే బావలైపోతారు, అందుకు పెళ్ళిళ్ళు జరగక్కర్లేదు. తొంభైల మొదట్లో మల్కాపురం దగ్గర ఒక లారీల యార్డులో నేను మెకానిక్‌గా చేరాను. పోర్టు నుంచీ స్టీల్ ప్లాంటు నుంచీ సరుకు మోసే లారీలు. డ్రైవర్లలో అందరికన్నా పాతవాడు కాబట్టి బావని పెద్ద డ్రైవరు అనేవారు. సన్నగా, పొడుగ్గా, మెడలో ఎప్పుడూ తడి తువ్వాలుతో ఉండేవాడు. తాళం చేతికి తీసుకున్నా వెంటనే బండి ఎక్కేవాడు కాదు. ముందు ఎదురుగా నిలబడి బండి మొహంలోకి చూసేవాడు. తర్వాత చుట్టూ తిరిగేవాడు. ఇనుప రాడ్డుతో ఒక్కో టైరునీ కొట్టి చప్పుడు వినేవాడు, సరుకు కట్టిన గొలుసులు లాగి చూసేవాడు, వంగి కిందకి చూసేవాడు. మిగతా డ్రైవర్లు "పెద్ద డ్రైవరు ప్రదక్షిణాలు అయ్యాయేటి" అని ఆట పట్టించేవారు.

"బండి తనంతట తాను మాటాడదురా. మనవే అడగాల" అనేవాడు. "పొద్దున్న అడిగితే నెమ్మదిగా సెప్తాది. అడక్కపోతే రోడ్డు మీద అరిసి సెప్తాది."

నిజం చెప్పాలంటే ఆ రోజుల్లో ఆయనంటే నాకు చిరాకు. నా చేతిపని మీద నాకు మహా నమ్మకం. నేను రిపేరు చేసిన బండి దగ్గరికి వచ్చి "బిగించావా బావా?" అనేవాడు. బిగించానంటే "సూసావా?" అనేవాడు. "బిగించాక ఇంకేటి సూసీది?" అని నేను విసుక్కునేవాణ్ణి. ఆయనకి కోపం వచ్చేది కాదు. నవ్వి, తానే వంగి చూసుకునేవాడు.

ఒక సాయంత్రం ఆయన లారీకి వెనక బ్రేకు ఆయిల్ పైపు మారుస్తున్నాను. కొత్త పైపు వేసి, నట్టు చేత్తో తిప్పి, స్పానరు కోసం బయటికి వచ్చాను. అవతల ఇంకో బండి స్టార్టవడం లేదని ఓనరు కేకేశాడు. వెళ్ళాను. ఆ బండి పని అయ్యాక చేతులు కడుక్కుని ఇంటికి పోయి, అన్నం తిని హాయిగా నిద్రపోయాను. ఆ నిద్ర తలుచుకుంటే నాకు ఇప్పటికీ సిగ్గేస్తుంది.

మర్నాడు పొద్దున్న బావ ఇస్త్రీ చేసిన తెల్ల చొక్కా వేసుకుని వచ్చాడు. పెందుర్తి వైపు కొత్త కాలనీలు లేస్తున్న రోజులవి. అక్కడికి ఇనుప చువ్వల లోడు దించేసి, అటు నుంచి అటే సింహాచలం వెళ్ళి మొక్కు తీర్చుకోవాలి. ఇంటివాళ్ళంతా కొండ దగ్గర ఎదురు చూస్తుంటారు. వాన పడి యార్డంతా బురద. బావ చుట్టూ తిరిగాడు. టైర్లు కొట్టాడు. గొలుసులు లాగాడు. అందరిలాగే ముందు చక్రం కింద నిమ్మకాయ పెట్టి, బండి ఎక్కి దాన్ని తొక్కించుకుని వెళ్ళిపోయాడు. వంగి కిందకి మాత్రం చూడలేదు. చూసి ఉంటే వెనక లోపలి చక్రం మీద ఆయిల్ చుక్కలు కనపడేవి.

పెందుర్తికి ఇవతల చిన్న దిగుడులో బ్రేకు తొక్కితే పెడలు నేలకంటుకుపోయింది. గేరు తగ్గించి, హేండ్ బ్రేకు లాగి, హారను మోగిస్తూ, ఎదురుగా జనం ఉన్న బస్టాపుని తప్పించి, ఇల్లు కట్టడానికి రోడ్డు పక్కన పోసిన ఇసక గుట్టలోకి బండిని ఎక్కించేశాడు. గొలుసులు గట్టిగా ఉన్నాయి కాబట్టి చువ్వలు ఆయన వీపులోకి దూసుకురాలేదు.

ఓనరు నన్ను స్కూటరెక్కించుకుని అక్కడికి తీసుకెళ్ళాడు. లారీ లైట్ల దాకా ఇసకలో కూరుకుపోయి ఉంది. దాని కింద ఒక సైకిలు చుట్టుకుపోయి ఉంది. ఆ సైకిలు తాపీ మేస్త్రిది. దాన్ని ఇసకకి ఆనించి టీకి వెళ్ళాడట. టీ గ్లాసు ఇంకా అతని చేతిలోనే ఉంది, తాగలేదు. ఎవరికీ దెబ్బ తగల్లేదు. బావ ఇటుకల మీద కూర్చుని ఉన్నాడు. చొక్కా ఇంకా తెల్లగానే ఉంది.

"బ్రేకు ఇన్‌స్పెక్టరు గారు వస్తన్నారంట" అన్నారెవరో. లారీలు తనిఖీ చేసే రవాణా శాఖ ఆఫీసరుని మా దగ్గర అలాగే అంటారు. నేను గబగబా లారీ కిందకి దూరాను. నేను చేత్తో తిప్పిన నట్టు తిప్పినట్టే వదులుగా వేలాడుతోంది. స్పానరు నా చేతిలోనే ఉంది. రెండు తిప్పులు తిప్పితే చాలు, ఎవడికీ తెలీదు. అప్పుడు మా ఆవిడకి ఏడో నెల. స్పానరు నట్టుకి తగిలించాను.

అవతల పక్క నుంచి ఒక మొహం లోపలికి వచ్చింది. బావ బురదలో బోర్లా పడుకుని అదే నట్టుని చూస్తున్నాడు.

"ముట్టుకోకు" అన్నాడు.

"నా ఉద్యోగం పోతాది బావా."

"పోతే పోద్ది. నువ్వు బిగించీస్తే ఇది ఎందుకైందో ఎవడికీ తెలీదు. తెలీకపోతే రేపు ఇంకో బండికవుద్ది. అప్పుడు ఇసక గుట్ట ఉంటాదని ఏటి నమ్మకం? స్పానరు జేబులో ఎట్టు."

పెట్టాను. ఆయన్ని ఆ క్షణంలో ఎంత తిట్టుకున్నానో చెప్పలేను.

ఇన్‌స్పెక్టరు గారు వచ్చి కిందా పైనా చూసి, ఎలా జరిగిందని అడిగారు. చుట్టూ పదిమంది ఉన్నారు. బావ తువ్వాలు తీసి చేత్తో పట్టుకుని నిలబడ్డాడు.

"ఈడు పైపు మార్సి, నట్టు బిగించడం మర్సిపోనాడు. అది ఈడి తప్పు. నాను కిందకి సూడకుండా బండి తీసీసాను. సొక్కా మాసిపోద్దని వొంగనేదు. ఇది నా తప్పు. రెండూ రాసుకోండి బాబూ."

ఆయన రాస్తూ ఆగి తలెత్తారు. "చొక్కా సంగతి అక్కర్లేదులే" అన్నారు.

"రాయండి బాబూ. అసలు కారణం అదే."

బావ లైసెన్సు కొన్నాళ్ళు సస్పెండయింది. నన్ను ఆ పూటే పంపించేస్తానన్నాడు ఓనరు. అప్పుడు అడ్డం పడింది మళ్ళీ బావే. "ఈడ్ని తీసీసి కొత్తోడ్ని ఎడితే, ఆ కొత్తోడికి ఈ భయం ఉండదండీ. ఈడికి సచ్చేదాకా ఉంటాది. ఉంచండి" అన్నాడు. ఓనరు ఉంచాడు. నా ఉద్యోగం నిలిచింది, కానీ నాకు ఆయన మీద కోపం మాత్రం పోలేదు. పదిమందిలో నా తప్పు చెప్పాడన్న ఉక్రోషం. ఎదురుపడితే మొహం తిప్పుకునేవాణ్ణి.

బండి లేకపోయినా బావ రోజూ యార్డుకి వచ్చేవాడు. మేస్త్రి సైకిలు తెచ్చి తానే కూర్చుని రిమ్ములు సరిచేసి ఇచ్చివచ్చాడు. ఒక పొద్దున్న డ్రైవర్లంతా టీ తాగుతూ ఆ సంగతే మాట్లాడుకుంటున్నారు. నిమ్మకాయ తొక్కించుకునే కదా వెళ్ళాడు, అయినా ఎందుకలా అయింది అని. మొక్కు ఆలస్యం చేసినందుకు అప్పన్న సామికి కోపం వచ్చుంటుందని ఒకడన్నాడు.

"సామికి కోపం ఏటీ నేదు" అన్నాడు బావ. "నిమ్మకాయ ఎట్టిన సోటు తప్పు."

అందరూ ఆయన వైపు చూశారు. ఆయన లేచి ఒక నిమ్మకాయ తీసుకుని దగ్గర్లో ఉన్న లారీ వెనక్కి వెళ్ళాడు. లారీకి వెనక ఒక్కో పక్కా రెండేసి చక్రాలు జంటగా ఉంటాయి. బయటి చక్రం కింద ఏదైనా పెట్టాలంటే వంగితే చాలు. లోపలి చక్రం కింద పెట్టాలంటే మాత్రం భుజాలదాకా బండి కిందకి దూరాలి. దూరితే బ్రేకు పైపులు, స్ప్రింగు కట్టలు, షాఫ్టు అన్నీ సరిగ్గా కళ్ళకెదురుగా ఉంటాయి. బావ నేల మీద పడుకుని, దూరి, నిమ్మకాయ అక్కడ పెట్టి, దుమ్ము చొక్కాతో బయటికి వచ్చాడు.

"ఇక్కడ ఎట్టాల" అన్నాడు.

మొదట నవ్వారు. కానీ మర్నాడు ఒకడు దూరాడు, ఆ పై వారం ఇంకో ఇద్దరు. తనిఖీ చెయ్యమంటే ఎవరికీ ఖాళీ ఉండదు. నిమ్మకాయ దగ్గర మాత్రం ఏ డ్రైవరూ తొందరపడడు, దాన్ని ఎగ్గొట్టే ధైర్యం ఎవరికీ లేదు. ఆ సంగతి బావకి బాగా తెలుసు.

లైసెన్సు తిరిగి వచ్చిన రోజు ఆయన నేరుగా నా దగ్గరికి వచ్చాడు. "రా, ఇద్దరం సూద్దాం" అన్నాడు. నేను ఒక పక్క నుంచి దూరాను, ఆయన ఇంకో పక్క నుంచి దూరాడు. ఒక్కో నట్టూ నేను లాగి చూస్తుంటే ఆయన తల ఊపుతున్నాడు. చివరి నట్టు దగ్గర "ఏ పిల్ల?" అన్నాడు.

"ఆడపిల్ల" అన్నాను. అంతకు ముందు నెలే పుట్టింది.

"మంచిది. ఆళ్ళమ్మ పోలికా?"

నాకు ఏడుపొచ్చేసింది. ఇన్నాళ్ళూ లోపల పెట్టుకున్నది అడిగేశాను. "ఆ రోజు నా తప్పు సెప్పకుండా ఉంటే ఏటి పోయేది బావా?"

"సెప్పకపోతే నువ్వు జీవితవంతా నాకు భయపడి బతుకుతావు. ఇప్పుడు నట్టుకి భయపడతావు. ఏది మంచిది?"

నట్టుకి భయపడటమే మంచిదని ఇన్నేళ్ళ నా బతుకు చెబుతోంది. తర్వాత పెందుర్తి రోడ్డులో సొంతంగా షెడ్డు పెట్టుకున్నాను. ఈ రోజువరకూ నా చేతి మీదుగా వెళ్ళిన ఏ బండీ నా మరుపు వల్ల ఆగలేదు. గొప్పకి అనడం లేదు, ఇది ఆయన ఖాతాలోకి వెళ్ళాల్సిన మాట.

ఇంకొక్క సంగతి చెప్పాలి. కొన్నేళ్ళ తర్వాత ఒక పొద్దున్న బావ నా షెడ్డు ముందు బండి ఆపి, అలవాటు ప్రకారం నిమ్మకాయ పట్టుకుని కిందకి దూరాడు. చాలాసేపు బయటికి రాలేదు. నేను వంగి చూస్తే, పైపుని వేళ్ళతో తడుముతున్నాడు. షుగరు కళ్ళకెక్కింది. తడి ఉందో లేదో కనపడటం లేదు. బయటికి వచ్చి, తువ్వాలుతో మొహం తుడుచుకుని, తాళం నా చేతిలో పెట్టాడు.

"బండి బాగానే ఉంది బావా. డ్రైవరే ఫెయిలు" అన్నాడు నవ్వుతూ. "ఓనరికి ఫోన్ సెయ్యి. ఎవరైనా వొచ్చి తీసుకెల్తారు."

అక్కడి నుంచి లోడు దించే చోటు పది నిమిషాల దారి. నేనుంటాను కదా, మెల్లగా పోనీ అన్నాను. వినలేదు. ముప్పై ఏళ్ళు నడిపినవాడు ఆ పది నిమిషాలూ నడపనన్నాడు. తర్వాత వారానికోసారైనా బస్సెక్కి నా షెడ్డుకి వచ్చి స్టూలు మీద కూర్చునేవాడు. కొత్త డ్రైవర్లు బండి తెస్తే "కిందకి దూరావా నాన్నా?" అని అడిగేవాడు. ఆయన ఎవరో వాళ్ళకి తెలీదు. ముసలాయన ఊరుకోడు అని దూరేవారు.

బావ పోయిన రోజు నేను మల్కాపురం చేరేసరికి ఆయన ఇంటి ముందు పూలు కట్టిన చిన్న లారీ సిద్ధంగా ఉంది. ముందురోజు వాన, వీధంతా బురద. బావని ఎక్కించారు. పెద్దవాళ్ళు వేళ మించిపోతోందంటున్నారు. డ్రైవరు ఎక్కడా అని చూస్తే, రెండు కాళ్ళు బండి వెనక నుంచి బయటికి కనపడుతున్నాయి.

"శవం బండికి ఈ పనులేటి, కానీ" అని ఎవరో గదిమారు.

"ఉండండి. బండి సూసుకోనీండి" అంది బావ కూతురు.

అతను బయటికి వచ్చాడు. నలభై ఏళ్ళుంటాయి, నాకు ముఖపరిచయం కూడా లేదు. నిమ్మకాయ అక్కడ పెట్టమని ఎవరు చెప్పారని అడిగాను.

"మా స్టాండులో అందరం అక్కడే ఎడతామండి. ఎవరు మొదలెట్టారో మరి తెలీదు."

"పెట్టి వొచ్చీసావా?"

"కిందకి దూరాక కళ్ళు ఊరుకుంటాయేటండీ? బ్రేకు పైపు తడిగా ఉంటే ముట్టుకు సూసాను. వాన నీళ్ళే."

అతను ఎక్కి స్టార్ట్ చేశాడు. చక్రం కింద నిమ్మకాయ చిట్లింది. బండి నెమ్మదిగా కదిలింది. పక్కన నడుస్తూ నేను కిటికీలోంచి అతన్నే చూస్తున్నాను. ఉతికిన చొక్కా. మెడ నుంచి కిందదాకా బురద.