నిర్మల్‌లో నేను పాడుచేసిన చిలుక

నిర్మల్‌కు ఎలా వెళ్లాలి, ఎన్ని రోజులుండాలి అని ఈమధ్య ఇద్దరు ముగ్గురు అడిగారు. చెప్తాను. కానీ నేను మొదటిసారి అక్కడికి వెళ్లింది కోటలు చూడటానికి కాదు, బొమ్మలు కొనడానికి అంతకన్నా కాదు. కడుపుమంటతో వెళ్లాను. ఎనభైల మధ్యలో సంగతి. కరీంనగర్‌లో ఒకే బడిలో నేనూ శంకర్ అనే స్నేహితుడూ టీచర్లం. నాకు బొమ్మలు గీసే పిచ్చి. బడి గోడల మీద ఉన్న నెమళ్లు, లేళ్లు అన్నీ నావే. పిల్లలు నన్ను బొమ్మల సారు అనేవాళ్లు. శంకర్ చాక్‌పీసుతో వంకాయ గీస్తే పిల్లలు గుమ్మడికాయ అని చదివేవాళ్లు. మా బడి నుంచి ఒకరు నిర్మల్ వెళ్లాలని ఉత్తర్వు వచ్చింది, నా పేరు మీదే వచ్చింది. అప్పట్లో ఆదిలాబాద్ జిల్లా అంటే మా దృష్టిలో అడవి, మలేరియా, శిక్ష. వాళ్లనూ వీళ్లనూ పట్టుకుని తప్పించుకున్నాను. నా బదులు శంకర్ వెళ్లాడు.

వెళ్లినవాడు ఊరుకున్నాడా, ఉత్తరాలు రాశాడు. ఊరి చుట్టూ గుట్టల మీద కోటలట. వెనక వీధిలో నకాశీవాళ్ల ఇళ్లట, వాళ్లు బొమ్మలు చేస్తుంటే సాయంత్రాలు అక్కడే కూర్చుంటాడట. బొమ్మల ఊరు బొమ్మలు రానివాడికి దక్కింది. ఒక్కో ఉత్తరం చదివినప్పుడల్లా నాకు అన్నం సహించేది కాదు. దూరపు కొండలు నునుపు అంటారు కదా, దగ్గరికెళ్లి ఆ గరుకేదో చూసి వద్దామనుకున్నాను. ఇంకో ఆలోచన కూడా ఉంది. పరస్పర బదిలీ కాగితం నింపి జేబులో పెట్టుకున్నాను. శంకర్ సంతకం పెడితే వాడు కరీంనగర్‌కు, నేను నిర్మల్‌కు.

పొద్దున ఆరు గంటల బస్సెక్కాను. జగిత్యాల, కోరుట్ల, మెట్‌పల్లి మీదుగా ఆర్మూర్ దాకా ఒక బస్సు, అక్కడ దిగి నిర్మల్‌కు ఇంకొకటి. చార్జీలు, జగిత్యాలలో తాగిన చాయ్ అన్నీ కలిపినా ఇరవై రూపాయలు దాటలేదు. సోన్ దగ్గర గోదావరి దాటితే ఆదిలాబాద్ జిల్లా. వంతెన మీద నీళ్లు చూస్తూ కూడా నేను శంకర్‌నే తిట్టుకుంటున్నాను. కండక్టర్ పక్కన కూర్చుని మాట కలిపాడు.

"నిర్మల్ల ఎవరింటికి సార్?"

"శంకర్ అని, టీచర్."

"గా బొమ్మల సార్ ఇంటికా! ముందే చెప్పరాదు? మా పిల్లగాడు ఆయిన కాడ్నే చదువుతుండు."

బొమ్మల సారు! నా పేరు కూడా ఎత్తుకుపోయాడు. ఆ తర్వాత ఊరి మొదట్లో గుట్ట మీద శ్యాంగఢ్ కోట కనబడిందిగానీ నేను సరిగా చూడలేదు.

మధ్యాహ్నం పన్నెండున్నరకు దిగాను. శంకర్ అద్దెకున్న గది చిన్నదే, కిటికీలోంచి కోటగోడ కనబడుతుంది. జొన్నరొట్టె, పుంటికూర పెట్టాడు. రొట్టెలు నకాశీ వీధిలోని లచ్చవ్వ పంపిందని చెప్పాడు. ఎండ తగ్గాక కోట ఎక్కాం. పావుగంట చాలు ఎక్కడానికి. పైనుంచి చూస్తే చెరువులు, పెంకుటిళ్లు, వాటి వెనక నీలంగా అడవి. దిగి బజారులో నడుస్తుంటే అడుగడుగునా ఎవరో ఒకరు "శనార్తి సార్" అని వాడికి దండం పెడుతూనే ఉన్నారు. ఒక కిరాణా షావుకారు మరాఠీలో పలకరిస్తే శంకర్ మరాఠీలోనే బదులిచ్చాడు. గరుకు ఎక్కడా దొరకలేదు. నిజం చెప్పాలంటే నాకు ఏడుపొచ్చింది.

మరునాడు ఆదివారం. పొద్దున ఎనిమిదింటికి లచ్చవ్వ ఇంటికి తీసుకెళ్లాడు. డెబ్బై ఏళ్లావిడ, కళ్లజోడుకు దారం కట్టుకుంది. పొనికి కర్ర ఎంత తేలికో చేతిలో పెట్టి చూపించింది. ఆ కర్రను చెక్కి, చింతగింజల జిగురుతో ముక్కలు అతికించి, సుద్ద పూసి ఎండబెడతారు. ఆ పైన రంగులు. కండ్లు మాత్రం అన్నిటికన్నా చివర. ఆ ఇంట్లో కండ్లు దిద్దేది లచ్చవ్వ ఒక్కతే. ఆమె ఆరోజు పచ్చగా మెరుస్తున్న ఒక చిలుకను శంకర్ చేతికిచ్చి, కుంచె కూడా ఇచ్చింది. వాడు నాలుక బయటపెట్టి రెండు చుక్కలు పెట్టాడు. ఒకటి పైకి, ఒకటి కిందికి. శుద్ధ మెల్లకన్ను.

"పర్వలే, పిట్టకు మా సార్ కనబడుతుండు, సాలు" అని లచ్చవ్వ నవ్వింది.

నాకు ఒళ్లు మండింది. వంకాయ గీయడం రానివాడికి కుంచె ఇస్తారా? పక్కన చాట మీద సుద్ద పూసిన చిలుకలు ఆరుతున్నాయి. అడగకుండానే ఒకటి తీసుకుని, నల్లరంగులో కుంచె ముంచి, ఒక్క ఊపిరిలో రెండు కండ్లూ దిద్దాను. రెప్ప, గుడ్డు, మెరుపుతో సహా. నా జీవితంలో అంత మంచి కండ్లు మళ్లీ గీయలేదు. గర్వంగా లచ్చవ్వకు చూపించాను.

లచ్చవ్వ చెయ్యి ఆగిపోయింది. "అయ్యో బిడ్డా, అప్పుడే కండ్లు తెరిసినవా? ఇగ రంగెట్ల ఎయ్యాలె? కండ్లల్ల పడదా?"

హాస్యమనుకుని నవ్వాను. ఇంకెవరూ నవ్వలేదు. కండ్లు తెరిచిన బొమ్మ మీద మళ్లీ కుంచె పెట్టకూడదని ఆ ఇంటి కట్టుబాటని శంకర్ మెల్లగా చెప్పాడు. ఆ చిలుకకు ఇక పచ్చరంగు లేదు, ఎర్ర ముక్కు లేదు.

"మంచిగనే తెరిసినవ్. నా శేతికి గూడ గిట్ల రావు" అంది లచ్చవ్వ, బొమ్మను అటూ ఇటూ తిప్పి చూస్తూ. "గని జర తొందరవడ్డవ్. తీస్కపో బిడ్డా, గిది ఇగ నీదే."

సుద్ద చేతికి అంటుతుందని, చుట్టడానికేమైనా ఉందా అని శంకర్ అడిగాడు. సిగ్గుతో ఏం చేస్తున్నానో తెలియక జేబులోని కాగితం తీశాను. విప్పగానే వాడికి తన పేరు కనబడింది. నిలబడి మొత్తం చదివాడు.

"సంతకం యాడ పెట్టాలె?"

"నీకిక్కడ బాగుంది కదా" అన్నాను.

"మస్తు బాగుంది. గని మొదలు నీకచ్చిన ఊరే గద. నువ్వద్దంటెనే నాకచ్చింది. అడిగితె ఇయ్యనా?"

పోట్లాడినా బాగుండేది. కాగితం వాడి చేతిలోంచి తీసుకుని చిలుకను అందులో చుట్టేశాను. కరీంనగర్‌లో విప్పితే కన్ను అంచు కాస్త కాగితానికి అంటుకుని ఉంది.

చిలుక ఇప్పటికీ మా బీరువా మీద తెల్లగానే ఉంది. చూసినవాళ్లంతా కండ్లు ఎంత బాగున్నాయో అంటారు, రంగెందుకు వేయలేదని అడుగుతారు. వద్దన్న ఊరు మంచిదని తేలితే ఆ బాధకు మందు లేదని నాకు అర్థమైంది. శంకర్ మీద అసూయ పోయిందని చెప్తే అబద్ధం. వాడు అక్కడే రిటైరై, అక్కడే ఇల్లు కట్టుకున్నాడు. మీరు వెళ్తే ఒక్క మాట గుర్తుపెట్టుకోండి: నకాశీ ఇళ్లకు పొద్దున్నే వెళ్లండి, ఆరబెట్టిన బొమ్మలను అడగకుండా ముట్టుకోకండి. దారి తెలియకపోతే బస్టాండులో బొమ్మల సారు ఇల్లెక్కడని అడగండి, ఎవరైనా చూపిస్తారు. అది నా ఇల్లు కాదు.