తుపాకీకి దసరా బొట్టు

నేను ఒకసారి ఒక మంచి మనిషి ఉద్యోగాన్ని ఊడగొట్టబోయాను. కోపంతోనో కుళ్లుతోనో అయితే చెప్పుకోవడానికి కాస్త మర్యాదగా ఉండేది. నేను చేసింది భక్తితో! వినండి, కడుపుబ్బా నవ్వుకోండి. మా ఊళ్లో మాత్రం ఎవరితోనూ అనకండి. అక్కడివాళ్ల లెక్కలో నేను దుబాయ్‌లో తుపాకుల ఇంజనీర్‌ని.

మాది జగిత్యాల వైపు. మా వాళ్లకు గల్ఫ్ అంతా దుబాయే గానీ నేనున్నది ఖతర్‌లో. మొదట వచ్చింది ఇనుప చువ్వలు కట్టే పనికి. అక్కడి లుసైల్ నగరంలో నేను తీగ చుట్టని మేడ లేదని చెప్పుకుంటాను, మీరు నమ్మకపోయినా నాకేం నష్టం లేదు. తర్వాత ఒక షూటింగ్ క్లబ్బులో హెల్పర్‌గా చేరాను. అక్కడ తుపాకులు బాగుచేసే గదికి పెద్ద యూసుఫ్ భాయ్, బోధన్ మనిషి. మాట్లాడితే తెలుగు, తిడితే దక్నీ ఉర్దూ. నా పని తుడవడం, మొయ్యడం, పూటపూటా "దేన్నీ ముట్టకు" అనిపించుకోవడం.

క్లబ్బులో పాత సభ్యుడు బూ నాసర్ అనే పెద్దాయన ఆ మధ్య ఒక సెమీ ఆటోమేటిక్ రైఫిల్ కొన్నాడు. వేరేవాళ్లు వాడి అమ్మింది. ట్రిగ్గర్ నొక్కితే ఇసుక నమిలినట్టు కరకరమనేది. ఈ గది మూసేసి మరమ్మతులు బయటికి ఇచ్చేద్దామని మేనేజర్ అప్పటికే గొణుగుతున్నాడు. బూ నాసర్ మెచ్చుకుంటే గది నిలుస్తుంది. లేదంటే యూసుఫ్ భాయ్ ఇంటికి, ఆయన వెనకాలే నేను.

భాయ్ తిండి కూడా మరిచి దాన్ని విప్పాడు, కడిగాడు, మళ్లీ బిగించాడు. ఒక సాయంత్రం నన్ను పిలిచి, తూటా ఏదీ లేదని రెండుసార్లు చూసుకుని, "వేలు వెట్టి చూడు" అన్నాడు. నొక్కితే వెన్నలా కదిలి టక్కుమంది.

"సెమీ అంటె ఏందో ఎరికేనా? ఒక్క నొక్కుడుకు ఒక్క తూటా. పేలినంక ట్రిగ్గర్ మల్ల ముందుకు రావాలె. రాకుంటె రెండో తూటా లేదు. అసలు పని పోవుట్ల లేదు పోశెట్టీ, మల్ల వచ్చుట్ల ఉన్నది."

"అచ్చం మా గల్ఫోళ్ల లెక్కనే భాయ్. పోవుడు అల్కగనే, మల్ల వచ్చుడే కష్టం."

"నోర్ముయ్యి. దేన్నీ ముట్టకు."

అని ఆయన మగ్రిబ్ నమాజ్‌కు వెళ్లాడు. సరిగ్గా అప్పుడే మా ఇంటామె ఫోన్.

"ఇయ్యాల దసరనాయె. పనిముట్లకు బొట్టు వెట్టినవా?"

"ఈడ అన్ని తుపాకులే గదనే."

"అయితేంది? అన్నం వెట్టేదానికి మొక్కవా? దుబాయ్ పోయినంక దేవుడు గూడ యాదికి లేడా?"

ఆ మాట గుచ్చుకుంది. సైట్‌లో ఉన్నప్పుడు ఏటా చువ్వలు కోసే మిషన్‌కు కొబ్బరినూనె రాసి బొట్టు పెట్టేవాణ్ని, అది గుర్రంలా పరుగెత్తేది. సంచిలో తలకు రాసుకునే కొబ్బరినూనె సీసా ఉంది, పొద్దున నేను పడుకునే గదిలో దేవుడి ముందు నుంచి పొట్లం కట్టుకున్న కుంకుమ, అక్షింతలు ఉన్నాయి. రైఫిల్‌కు బొట్టు పెట్టి, దండం పెట్టి, భాయ్ చూస్తాడని తుడిచేశాను. అక్కడితో ఆగితే నాకూ మీకూ ఈ కథ లేదు. భాయ్ పడ్డ కష్టమంతా లోపల ఉంటే పూజ పైపైన చేస్తే ఏం లాభం అనిపించింది. ట్రిగ్గర్ పక్కనున్న సందులోంచి నూనె ధారగా పోశాను. రెండు అక్షింతలు చల్లితే అవి కూడా దారి తెలిసినట్టు లోపలికి జారిపోయాయి. మనసుకు ఎంత హాయిగా ఉందో!

మర్నాడు పొద్దున మా గదిలో భాయ్ ఖాళీ రైఫిల్ నొక్కి చూశాడు. టక్, టక్. నిన్నటికంటే మెత్తగా ఉంది. నేను మనసులోనే దేవుడికి షుక్రియా చెప్పుకున్నాను.

ఇప్పుడు రెండు గదుల సంగతి చెప్పాలి. మా గది ఏసీకి చప్పుడెక్కువ, చలి తక్కువ. కాల్చే హాలు మాత్రం మంచుపెట్టె. బూ నాసర్ అక్కడ రైఫిల్ పక్కన పెట్టుకుని నింపాదిగా కరక్ చాయ్ తాగి, "యల్లా" అని కాల్చాడు. ధన్! మళ్లీ నొక్కబోతే ట్రిగ్గర్ వెనక్కి పోయింది పోయినట్టే ఉంది.

"యూసుఫ్, క్యా ముష్కిల్?"

భాయ్ తూటాలు తీసేసి, ఎండలో నడుచుకుంటూ మా గదికి తెచ్చి నొక్కాడు. టక్, టక్. బ్రహ్మాండం. తిరిగి హాలుకు తీసుకెళ్తే, ఇంకో చాయ్ అయ్యేలోపు మళ్లీ మొరాయించింది. మళ్లీ ఎండలోకి, మళ్లీ టక్ టక్.

"విప్పి చూస్తవా భాయ్?"

"మంచిగున్నదాన్ని ఏం విప్పాలెరా?"

"దిష్టి తగిలినట్టుంది. నిమ్మకాయ తిప్పుదామా?"

"నిన్నే తిప్పి ఇసిరేస్త!"

హాల్లో మళ్లీ అదే తంతు. ఈసారి మేనేజర్ కూడా వచ్చి నిలబడ్డాడు. భాయ్ తను బిగించిన స్క్రూలనే ఒక్కొక్కటీ మళ్లీ తడిమి చూసుకున్నాడు. తన పనిమీద తనకే నమ్మకం పోతున్న మనిషి ముఖం చూడటం ఎంత కష్టమో ఆ రోజే తెలిసింది. నాకు ఏడుపొచ్చింది. కారణం నేనేనని మాత్రం ఇంకా తట్టలేదు చూడండి, అదీ నా తెలివి!

బూ నాసర్ తన వేలు వాసన చూసుకున్నాడు. మళ్లీ చూసుకున్నాడు. "జౌజ్ హింద్!" అన్నాడు.

"కొబ్బరికాయ వాసనొస్తున్నదట" అన్నాడు భాయ్ అయోమయంగా.

నా గుండె జారి చెప్పుల్లో పడింది. భాయ్ అక్కడే, ఆ చలిలోనే రైఫిల్ విప్పాడు. మా గది వేడికి కరిగే నూనె ఇక్కడి చలికి లోపల తెల్లగా, గట్టిగా గడ్డకట్టి ఉంది. దాని నడుమ పసుపురంగులో రెండు బియ్యపు గింజలు. భాయ్ గింజల్ని చూశాడు, తర్వాత నిగనిగలాడే నా తలను చూశాడు.

"పోశెట్టీ, ఇవేంది?"

"అక్షింతలు భాయ్."

"తుపాకికి పెండ్లి జేసినవా?"

మేనేజర్ గొంతు సవరించుకున్నాడు. "ఎవరు చేశారిది?" అని ఇంగ్లిషులో గర్జించాడు. భాయ్ నోరు తెరిచేలోపు నేను ముందుకొచ్చి, ఛాతీ మీద చెయ్యి పెట్టుకుని "అనా" అన్నాను. నేనే అని. మా పండుగ సంగతి, పనిముట్లకు మొక్కే సంగతి భాయ్ అరబ్బీలో చెప్పాడు. బూ నాసర్ నా వంక చూసి, ఒక్కసారిగా పడీపడీ నవ్వాడు. భాయ్ నూనె తుడిచి బిగించాక వరసగా కాల్చాడు. ఒక్కసారి కూడా ఆగలేదు. వెళ్తూ వెళ్తూ మేనేజర్‌తో, "గది ఉండనీ. యూసుఫ్ ఉండనీ. వీడూ ఉండనీ, నూనె మాత్రం దూరంగా ఉండనీ" అన్నాడు.

మరుసటి దసరాకు భాయ్ నమాజ్‌కు వెళ్లేముందు తుపాకులన్నీ అల్మారాలో పెట్టి తాళం వేశాడు. నా చేతిలో ఒక స్క్రూడ్రైవర్ పెట్టాడు.

"ఇగో, దీనికి మొక్కుకో. దీనికి లోపల ఏం లేదు."

ఇందుమూలంగా సమస్త యంత్రాలకు తెలియజేయడమేమనగా: పోశెట్టి అను నేను, ఈ ఒంట్లో ప్రాణమున్నంత వరకు మీకు దూరం నుంచే దండం పెడతానని, నూనె నా నెత్తికి తప్ప మరి దేనికీ రాయనని ఆ స్క్రూడ్రైవర్ సాక్షిగా ప్రమాణం చేస్తున్నాను.